ముందు జాగ, తర్వాత గోడ: నల్లగొండ, పాలమూరు ఇళ్లపై సాగుతున్న చర్చ

ఇంటిపెద్ద కులం, చదువు, వృత్తి, భూమి తెలిస్తే ఆ కుటుంబం ఎలాంటి ఇంట్లో ఉంటుందో చెప్పేయగలమా? దక్షిణ తెలంగాణ మెట్ట జిల్లాలైన నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు)ల గురించి రాసినవారు ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు ఇస్తూ వచ్చారు. వ్యవసాయ ఆర్థికవేత్తలు చెప్పగలమంటారు. ఎకరాలు, బోర్లు, పశువుల లెక్క తీసి చూపిస్తారు. కుల వ్యవస్థను చదివినవారూ చెప్పగలమనే అంటారు, కాకపోతే ఎకరాల కంటే ముందు వాడ పేరు అడుగుతారు. గృహ పథకాల మీద పనిచేసినవారికి ఈ రెండు జవాబులూ పాతబడినట్టు కనిపిస్తాయి. సర్కారు సొమ్ముతో స్లాబు పడ్డాక ఇంటిపెద్ద నేపథ్యం ఇంకేం తేలుస్తుందని వారి సందేహం. స్త్రీవాద పరిశోధకులైతే సర్వే ఫారంలో ‘కుటుంబ పెద్ద’ అన్న గడి దగ్గరే ఆగిపోతారు.

చర్చ ఇన్ని పాయలుగా చీలడానికి ఈ నేల స్వభావం కూడా కారణమే. 2011 జనగణన నాటికి మహబూబ్‌నగర్ జనాభా 40.5 లక్షలు, నల్లగొండ జనాభా 34.9 లక్షలు. అక్షరాస్యతలో మహబూబ్‌నగర్ 55 శాతంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగున ఉండేది. నల్లగొండ 64 శాతం చుట్టూ ఉండేది. రెండింటిలోనూ ఎస్సీలు ఆరో వంతుకు పైనే. దేవరకొండ, అచ్చంపేట వైపు లంబాడా తాండాలు, నల్లమలలో చెంచు పెంటలు. కృష్ణా నది రెండు జిల్లాల అంచునా పారుతుంది, నీళ్లు మాత్రం కొన్ని మండలాలకే ఎక్కాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. కాబట్టి ఈ వ్యాసంలో ఈ రెండు జిల్లాల పేర్లు ఎక్కడ వచ్చినా ఉమ్మడి జిల్లా అనే అర్థం.

ఒక అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఈ చర్చ చాలావరకు గోడలూ కప్పుల చుట్టే తిరిగింది. ఇంటి కింది జాగ గురించి, ఆ జాగ ఎవరు ఎలా సంపాదించారన్న దాని గురించి మాట్లాడింది తక్కువ. చిక్కుముడిలో సగం అక్కడే పడింది.

గడీ నుంచి కాలనీ దాకా

నిజాం కాలపు నల్లగొండ పల్లెలో ఇంటికీ హోదాకూ ఉన్న లంకె కనిపెట్టడానికి సర్వే అక్కర్లేదు. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజాతో దొర గడీ. దాని చుట్టూ పట్వారీ, మాలీపటేళ్ల పెంకుటిళ్లు. ఊరి చివర రెల్లుగడ్డి, తాటికమ్మల గుడిసెలు. ఏ కులం మీద ఏ వెట్టి పడేదో పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో వివరంగా నమోదు చేశారు. దొర ఇంటి పని కూడా ఆ వెట్టిలో భాగమే. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక రగిలిన పోరాటం గడీలను ఖాళీ చేయించింది. అయితే గడీ ఖాళీ అయినంత మాత్రాన ఊరి చివరి గుడిసె జాగ మారలేదు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. అడిగిందీ ఇస్తానన్నదీ సాగుభూమి. ఇంటి జాగ విడి కోరికగా ఆనాటి రాజకీయాల్లో గట్టిగా వినపడలేదు. భూమి చేతికొస్తే ఇల్లు దానంతట అదే వస్తుందన్న నమ్మకం కమ్యూనిస్టులకూ సర్వోదయులకూ ఉమ్మడిగా ఉన్నట్టుంది.

ఆ నమ్మకం 1970లలో సడలింది. భూమిలేని గ్రామీణ కూలీలకు ఇంటి స్థలాలిచ్చే పథకాన్ని కేంద్రం 1971లో తెచ్చింది. పరాయి జాగలో గుడిసె వేసుకుని ఉంటున్న పేదలకు ఆ జాగ మీదే యాజమాన్యం కల్పించే చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1976లో చేసింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం బలహీన వర్గాలకు పక్కా ఇళ్లను తన ముద్రగా చేసుకుంది. 1985–86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది, 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ కార్యక్రమం చేపట్టింది. ఏ మండలంలోనైనా ఊరి వెలుపలి కాలనీల పేర్లు వరసగా చదివితే ఈ చరిత్రంతా వచ్చేస్తుంది. ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. కాలనీలన్నీ ఊరి వెలుపలే.

ఎకరాల లెక్క

ఆర్థిక నేపథ్యమే ఇంటిని నిర్ణయిస్తుందనే వాదానికి ఈ జిల్లాల్లో బలమైన పునాది ఉంది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాలకు ఎంచుకున్న ఊళ్లలో ఔరేపల్లి, డోకూరు రెండూ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే. కుటుంబాలను భూమిలేని కూలీలు, చిన్న, మధ్య, పెద్ద రైతులుగా విడగొట్టి, వారి ఆస్తులు, అప్పులు, ఆదాయాలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. థామస్ వాకర్, జేమ్స్ రయాన్ 1990లో తెచ్చిన పుస్తకం ఈ సమాచారం మీదే నిలిచింది. మెట్ట పల్లెలో వాన తప్పితే ఎవరు నిలదొక్కుకుంటారు, ఎవరు ఆస్తి అమ్ముకుంటారు అన్నది ఈ అధ్యయనాల ప్రధాన ప్రశ్న. ఇల్లు ఆ ప్రశ్నలో ఒక ఆస్తిగా వస్తుంది.

ఈ వాదంతో చిక్కు ఏమిటంటే, ఎకరం ఎక్కడ ఉందన్నది ఎన్ని ఎకరాలన్నదాని కంటే ఎక్కువ తేలుస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో మూడెకరాల రైతు రెండు పంటల వరితో గదులు పెంచుకుంటూ పోగలిగాడు. అదే జిల్లాలోని దేవరకొండ, మునుగోడు మెట్టలో మూడెకరాల రైతు బోరు మీద బోరు వేసి, ఎండిన బోర్ల అప్పు కడుతూ, లెంటల్ దాకా లేచిన గోడలను అలాగే వదిలేశాడు. ఫారంలో ఇద్దరూ చిన్న రైతులే. మహబూబ్‌నగర్‌లోనూ అంతే, జూరాల ఆయకట్టు ఒక లోకం, కల్వకుర్తి మెట్ట చాలాకాలం మరో లోకం. జిల్లా మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకుని భూమికీ ఇంటికీ సంబంధం లెక్కగడితే వచ్చే అంకెలో కాలువ ప్రభావమెంతో, ఎకరం ప్రభావమెంతో విడదీయలేం.

వృత్తి సంగతి మరీ జారుడు. పాలమూరు వలస కూలీ ఏడాదిలో కొన్ని నెలలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని దూర ప్రాంతాల పనుల్లో ఉంటాడు, మిగతా నెలలు సొంత చేనులో ఉంటాడు. సర్వేవాళ్లు వచ్చిన నెలను బట్టి అతను రైతో కూలీయో అవుతాడు. ఈ వలస కూలీలను ఊళ్లోనూ పనిచోటులోనూ గమనించిన ఫ్రెంచి మానవశాస్త్రవేత్త డేవిడ్ పిషెరిట్ 2012 వ్యాసం ఇక్కడ ఉపయోగపడుతుంది. కూలీ బతుకు రెండుచోట్లా నడుస్తుంటుంది కాబట్టి ఒక్కచోటనే నిలబడి చూస్తే సగమే తెలుస్తుందన్న ఎరుక ఆ రచన నుంచి వస్తుంది. ఇంటికీ ఇదే వర్తిస్తుంది. ఊళ్లో స్లాబు ఇల్లు, పనిచోట రేకుల షెడ్డు: ఆ కుటుంబ నివాస స్థితి వీటిలో ఏది?

నేత ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మూడూ చీరలకు పేరున్న చోట్లు, మూడూ ఈ రెండు జిల్లాలవే. గుంత మగ్గం వేసిన గదిలో నేల తవ్వి ఉంటుంది; కాళ్లు ఆ గుంతలో పెట్టుకుని నేస్తారు. వాన నీరు ఊరితే పని ఆగుతుంది. చిటికీ (ఇక్కత్) పోగులు ఆసు పోయడానికి ఒక గోడ వారన చోటు కావాలి, రంగులద్దిన నూలు ఆరేయడానికి దండెం కావాలి. రాత్రి అదే గదిలో మగ్గం పక్కన చాప పరుస్తారు. జనగణన నిర్వచనం ప్రకారం మనిషి పడుకోగలిగినంత పొడవు, వెడల్పు, ఎత్తు ఉండి నివాసానికి వాడుతుంటే అది నివాస గది. ఆ లెక్కన పద్మశాలి కుటుంబానికి ఒక గది చేరుతుంది, బతకడానికి మిగిలిన చోటు మాత్రం చేరదు. ఇక్కడ ఇల్లు ఆదాయానికి ఫలితమా, ఆదాయానికి పనిముట్టా? ఎకరాల లెక్కవారు ఇల్లు ఫలితమనే ధీమాతోనే మొదలుపెడతారు.

వాడ లెక్క

కులం ముందు అనేవారి వాదన సూటిగా ఉంటుంది. ఇల్లు కట్టే డబ్బు ఆదాయం నుంచి రావచ్చు. ఎక్కడ కట్టాలన్నది ఆదాయం తేల్చదు. మాదిగ కుటుంబంలో ఒకరికి టీచరు ఉద్యోగం వచ్చినా ఊరి నడిమి జాగ అమ్మేవాడు దొరకడు. వాడలోనే పాత ఇంటి మీద స్లాబు వేసుకోవాలి, లేదా మండల కేంద్రంలో ప్లాటు కొనుక్కోవాలి. వాడకు రోడ్డు, మురుగు కాలువ ఊరి తర్వాతే వస్తాయి. గోడ సిమెంటుదైనా గుమ్మం ముందు బురద మారదు. పట్టణానికి వెళ్లినంత మాత్రాన ఇది తీరిపోదని సుఖ్‌దేవ్ థోరాట్ బృందం 2015లో ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం చూపింది. దళితులకూ ముస్లింలకూ ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష స్పష్టంగా తేలింది. మన పట్టణాల్లో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న టులెట్ బోర్డు చేసేదీ దాదాపు ఆ పనే.

ఈ వాదం ముందున్న అడ్డంకి సమాచారం. 2011 ఇళ్ల గణనలో కుటుంబ పెద్ద గురించి అడిగినవి పేరు కాక రెండే సంగతులు: ఆడా మగా, ఎస్సీయా ఎస్టీయా ఇతరులా. చదువు, వృత్తి రెండో దశ ఫారంలో ఉంటాయి. ఇంటి వివరాలతో కలిపిన పట్టికలుగా అవి బయటికి రావు. ఇక ‘ఇతరులు’ అన్న గడిలో రెడ్డి భూస్వామీ, చాకలి కుటుంబమూ, గొల్లవారూ, పేద ముస్లిమూ ఒకే వరసలో కూర్చుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన కుల సర్వే లెక్కల ప్రకారం బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు మరో 10.08 శాతం. అంటే రాష్ట్రంలో సగానికి పైగా జనం ఇళ్ల గణనలో విడిగా కనిపించరు. ఎస్సీలకూ ఇతరులకూ మధ్య తేడా ఇంత అని చెప్పే ప్రతి పట్టికనూ ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి. ‘ఇతరుల’ సగటును వారిలోని పేదలే కిందికి లాగుతారు, దాంతో అగ్రకులాలకూ దళితులకూ ఉన్న అసలు దూరం తగ్గి కనిపిస్తుంది.

ఎస్టీ గడిలోనూ ఇదే ఇబ్బంది, బహుశా ఇంకా ఎక్కువ. తెలంగాణ లంబాడాలు 1976 సవరణతో ఎస్టీ జాబితాలోకి వచ్చారు. వారి తాండాల్లో ఎన్నో 2018 చట్టంతో గ్రామ పంచాయతీలయ్యాయి. పంచాయతీ అయితే నిధి, కార్యదర్శి, రోడ్డు అడిగే నోరు వస్తాయి. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటకు అవేవీ లేవు. పులుల అభయారణ్యంలో ఇటుక, సిమెంటు లోపలికి చేర్చడానికే అనుమతుల గొడవ. ఇద్దరినీ కలిపి ఎస్టీ సగటు తీస్తే చెంచు బొడ్డు గుడిసె లెక్కలో మాయమవుతుంది. ఆదిమ తెగలకు విడిగా ఇళ్లిచ్చే పీఎం జన్‌మన్ 2023 నవంబరులో మొదలైంది. ఎస్సీల విషయంలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన వర్గీకరణ, ఉపకులాల వారీగా ఇళ్ల స్థితి అడిగే అవసరాన్ని ముందుకు తెచ్చింది.

సర్కారు ఇల్లు

మూడో వాదం ఈ రెండింటినీ పక్కకు జరుపుతుంది. నలభై ఏళ్లుగా ప్రభుత్వం ఇళ్లు కడుతూనో కట్టిస్తూనో ఉంటే, పేద కుటుంబం ఇల్లు దాని సొంత నేపథ్యం కంటే ఏ పథకంలో, ఏ ఏడాది పేరు వచ్చిందన్నదాని మీదే ఆధారపడుతుందని దీని సారం. డబుల్ బెడ్‌రూం పథకం ఇందుకు మంచి ఉదాహరణ. 2015 అక్టోబరు ఉత్తర్వుల ప్రకారం పల్లెలో 560 చదరపు అడుగుల ఇల్లు, ఖర్చు 5.04 లక్షల రూపాయలు, లబ్ధిదారు పెట్టుబడి సున్నా. గ్రామాల్లో సగం ఇళ్లు ఎస్సీ, ఎస్టీలకు. అందినవారికి నేపథ్యంతో పనిలేకుండా ఒకే కొలత ఇల్లు. అయితే ఆ రేటుకు కాంట్రాక్టర్లు చాలాచోట్ల ముందుకు రాలేదు. ఎదురుచూపులు ఏళ్లు సాగాయి. ఈలోగా 2016 నుంచి దేశమంతా అమలైన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ దారిన తెలంగాణ పోలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన కొత్త ఇందిరమ్మ ఇళ్ల పథకం తీరు వేరు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, సొంత జాగ ఉన్నవారికి 5 లక్షలు. నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది: బేస్‌మెంట్ లేస్తే లక్ష, గోడలు పైకప్పు దాకా వస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై అయిదు వేలు, పనులన్నీ పూర్తయితే చివరి లక్ష. ఈ వరస దగ్గరగా చూడదగింది. ముగ్గు పోసి, పునాది తవ్వి, రాయి కట్టి, మట్టి నింపి, బేస్‌మెంట్ లేపేదాకా ఖర్చు కుటుంబానిదే. సుతారి మేస్త్రికి అడ్వాన్సు, కంకర, ఇసుక ట్రాక్టరు కిరాయి, సిమెంటు దుకాణంలో ఖాతా అన్నీ ఆ మొదటి లక్ష కంటే ముందే తెరవాలి. చేతిలో డబ్బున్నవారు, మహిళా సంఘంలో అప్పు పుట్టేవారు, దుకాణంలో మాట చెల్లేవారు ముందు లేస్తారు. పాత గుడిసె పీకి, డబ్బు కోసం ఆగినవారు టార్పాలిన్ కింద ఉంటారు. పథకం అందరికీ ఒకటే. దానిలోకి దిగే మెట్టు మాత్రం ఇంటిపెద్ద నేపథ్యం ఎత్తునే ఉంది.

అధికారులు దరఖాస్తులను విడదీసిన తీరే ఇంకా ఎక్కువ చెబుతుంది. జాగ ఉండి ఇల్లు లేనివారు ఎల్1, జాగే లేనివారు ఎల్2, మిగతావారు ఎల్3. మొదటి విడత ఎల్1కే. అందరికంటే పేదవారు ఎల్2లో మిగిలారు. పథకమే నేపథ్యాన్ని చెరిపేసిందనేవారు జవాబు చెప్పాల్సింది ఈ జాబితాకే. ఇది కొత్తా కాదు: శ్రీశైలం జలాశయం ముంపులో 1980ల ఆరంభంలో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు పోయినప్పుడూ పరిహారం గోడకూ కప్పుకూ వచ్చింది. ఊరి ఉమ్మడి జాగలో, పరాయి దొడ్లో బతికినవారికి చూపించుకోవడానికి కాగితం లేదు.

ప్రభుత్వం నిజంగా నేపథ్యాన్ని చెరిపిన చోటు ఒకటుంది, నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్‌ల ఫ్లోరైడ్ నీరు కులం చూడలేదు, అయినా డబ్బున్నవారే ముందు క్యాన్ నీళ్లకు మారారు. నాగ్‌పూర్ నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది, కానీ ఆ పద్ధతి ఇంటింటికీ నిలవలేదు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పైపు వాడకూ తాండాకూ వెళ్లింది. గోడలు కుటుంబానికో తీరుగా లేస్తాయి, పైపు వీధంతటికీ ఒకేసారి పడుతుంది. నివాస స్థితి అనగానే అన్నిటినీ ఒకే సూచీలో కలిపేసేవారు ఈ తేడా గమనించాలి.

ఇంటిపెద్ద ఎవరు?

జనగణన ప్రకారం ఎవరిని కుటుంబం పెద్దగా గుర్తిస్తే వారే పెద్ద. ఎక్కువ సంపాదించేవారో వయసులో పెద్దవారో కానక్కర్లేదు. ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం రేషన్ కార్డులో పెద్ద 18 ఏళ్లు దాటిన పెద్దామె. ఇళ్ల పథకాల్లో పట్టా సాధారణంగా భార్య పేరున. అంటే ఒకే ఇంటికి జనగణనలో తాత, రేషన్ కార్డులో అత్త, ఇంటి పట్టాలో కోడలు పెద్ద కావచ్చు. డబ్బు పంపేది ముంబైలో ఉన్న కొడుకు. బీనా అగర్వాల్ 1994 పుస్తకం తర్వాత ఆడవారి పేరున ఆస్తి ఉండటానికీ, ఆ ఆస్తి మీద వారి మాట చెల్లటానికీ ఉన్న దూరం గురించి చాలా రాశారు. ఇళ్ల చర్చ ఆ రచనలను ఇంకా పూర్తిగా అందుకోలేదు.

ఆడవారు పెద్దగా ఉన్న కుటుంబాలను ఒకే గుంపుగా చూడటం ఇంకో పొరపాటు. భర్త చనిపోయిన కౌలురైతు భార్య, వలస పోయిన మేస్త్రి భార్య, వదిలేసిన భార్య, పింఛను మీద ఒంటరిగా ఉన్న ముసలామె అందరూ ఆ గడిలోకే వస్తారు. మొదటామెకు ఇల్లు తాకట్టులో ఉండొచ్చు, రెండో ఆమెకు కొత్త స్లాబు పడుతూ ఉండొచ్చు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన కాస్త తెలివిగా, పదహారు నుంచి యాభైతొమ్మిదేళ్ల మధ్య మగవారు లేని, ఆడవారు పెద్దగా ఉన్న కుటుంబం అని విడిగా అడిగింది.

చదువు విషయంలో ఇంటిపెద్ద ఒక తరం ఆలస్యంగా మాట్లాడతాడు. 2011లో సగం చుట్టూ అక్షరాస్యత ఉన్న మహబూబ్‌నగర్‌లో అరవై ఏళ్ల పెద్ద చదువు చాలా ఇళ్లలో సున్నాయే. ఇళ్ల మధ్య తేడా తెచ్చేది కూతురి నర్సింగు, కొడుకు డిప్లొమా. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ఇంట్లో ఎవరైనా ఒకరు ఆరేళ్లు చదివారా అని అడగడం అందుకే. ఇళ్ల అధ్యయనాలు మాత్రం ఇంకా పెద్ద చదువునే పట్టుకుని వేలాడుతున్నాయి.

కొలతలోనే చిక్కు

అన్నిటికంటే పెద్ద చిక్కు పద్ధతిలోది, దీని మీద చర్చ తక్కువ. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను అనుసరిస్తోంది. దాని జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అందులో వాడే సంపద సూచీ మూడు భాగాలు: ఇంటి నాణ్యత, వస్తువులు, సేవలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సంపద వర్గాల్లోనూ నేల, గోడ, కప్పు ఉంటాయి. అలాంటి సూచీతో ‘సంపన్న కుటుంబాల ఇళ్లు మెరుగ్గా ఉన్నాయి’ అని రాస్తే ఇంటితో ఇంటినే పోల్చినట్టు. కుటుంబ నేపథ్యానికీ ఇంటికీ బలమైన సంబంధం ఉందని చెప్పే రచనలు చదివేటప్పుడు, సంపదను దేనితో కొలిచారో ముందు చూడటం మేలు.

పక్కా, కచ్చా విభజన సంగతీ చూడాలి. జాతీయ నమూనా సర్వే నిర్వచనంలో ఆస్‌బెస్టాస్ రేకు పక్కా సామగ్రి, మట్టి కాదు. గద్వాల, మక్తల్ వైపు మందపాటి మట్టి గోడల మిద్దె ఎండాకాలం చల్లగా ఉంటుంది, చలికి వెచ్చగా ఉంటుంది. మే నెలలో నల్లగొండ రేకుల కింద మధ్యాహ్నం మంచం వాల్చినవారికి పక్కా అన్న మాట వెక్కిరింపే. తాండూరు, షాబాద్ బండలు దొరికే పడమటి మండలాల్లో బండ కప్పు పేదవాడికీ అందేది, తూర్పున తాటికమ్మ. సామగ్రిని హోదాకు గుర్తుగా తీసుకుంటే భూగర్భం కూడా హోదాలోకి వస్తుంది. 2018 జూలై నుంచి డిసెంబరు దాకా జరిగిన 76వ విడత సర్వే గాలి, వెలుతురు, మరుగుదొడ్డి వాడకం కూడా అడిగింది. అయితే అది రాష్ట్రస్థాయి అంచనాల కోసం ఉద్దేశించింది, జిల్లాకు దించితే నమూనా పలచబడుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఎకరాల లెక్క గదుల సంఖ్యను బాగా చెబుతుంది, ఇల్లు ఏ వైపు ఉందో చెప్పలేదు. వాడ లెక్క చోటును, మురుగును, జాగ ధరను బాగా చెబుతుంది. ఒకే వాడలో పక్కపక్క ఇళ్ల మధ్య తేడా ఎందుకొచ్చిందన్న దగ్గర తడబడుతుంది. పథకాల లెక్క ఒక ఇల్లు ఏ దశాబ్దంలో ఏ కొలతలతో లేచిందో చెబుతుంది, జాబితాలోకి ఎవరు రాలేకపోయారో దాని చూపుకు ఆనదు. స్త్రీవాదుల అభ్యంతరం అన్నిటికంటే లోతైనది, కానీ పెద్ద స్థానంలో ఎవరిని పెట్టాలన్న దానికి పనికొచ్చే కొలమానం ఇంకా ఇవ్వలేదు. నా మొగ్గు వాడ లెక్క వైపే, ఒక సవరణతో: కులం ఇప్పుడు గోడ మీద కంటే జాగ మీద, ఆ జాగ కాగితం మీద ఎక్కువగా పనిచేస్తోంది. గోడల మధ్య తేడా తగ్గుతున్న కొద్దీ తేడాలే పోయాయనుకునే ప్రమాదమూ పెరుగుతోంది.

తేలనివి

ఒకే విస్తీర్ణం, ఒకే నీటి వసతి ఉన్న దళిత, బీసీ, అగ్రకుల కుటుంబాల ఇళ్లను పోల్చి, కులం విడిగా ఎంత పనిచేస్తుందో తేల్చిన జిల్లాస్థాయి లెక్క చర్చలో లేదు. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే ఆ పని చేయగలిగేది. వలస వెళ్లినవారు కూడా బస్సులు, రైళ్లు పట్టుకుని ఊళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు. పూర్తి సమాచారం మాత్రం ప్రజల ముందుకు రాలేదు. 2024 సర్వే సమాచారాన్ని జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం విశ్లేషించి 2025 జూలైలో నివేదిక ఇచ్చింది. కులాల వెనుకబాటును కొలిచిన ఆ పని నుంచి మండల స్థాయి ఇళ్ల పట్టికలు వస్తే పై ప్రశ్నకు మొదటి నిజమైన ఆధారం దొరుకుతుంది.

అప్పు మరో ఖాళీ. స్లాబు ఇల్లు సంపదకు గుర్తా, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీకి గుర్తా అన్నది ఇంటి ముందు నిలబడి చెప్పలేం. ఇళ్ల ప్రశ్నావళుల్లో అప్పు అరుదు, అప్పుల సర్వేల్లో కప్పు అరుదు.

ఇక కొత్త జనగణన. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల గణన, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క. కులం వివరం రెండో దశలో అడుగుతారు. ఇంటి గోడ, కప్పు, గదులు మొదటి దశలోనే అయిపోతాయి. అక్కడ పెద్ద గురించి మళ్లీ ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అన్న మూడు గడులే. రెండు దశల సమాచారాన్ని ఒక్కో కుటుంబం వారీగా కలిపి, పాత జిల్లాల సరిహద్దులకు కూడా సరిపోయేలా పట్టికలు ఇస్తే, 2011తో పోల్చి చూడటానికి నల్లగొండ, పాలమూరులకు అవకాశముంటుంది. కలపకుండా విడివిడిగా ఇస్తే చాకలి ఇల్లూ పటేల్ ఇల్లూ మరో పదేళ్లు ఒకే గడిలో ఉంటాయి.